గడప దాటించుట

గతమాసమున మా చిన్నకుమార్తె వ్యాయామశాలకు బోయెద నన్నది. “ఆడుపిల్ల బరువు లెత్తుటయా!” యని అత్తగారు విస్తుపోయిరి. మేమును మాఱుపలుకక యూరకుంటిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మా విజయనగరమున బలమన్న కోడి రామమూర్తినాయుడుగారే తలపునకు వత్తురు. వీరఘట్టమున జన్మించిన వారు బాల్యముననే తల్లిని గోల్పోయి, యీ యూర పినతండ్రిగారింట బెరిగిరి. సైదాపేటలో శిక్షణ నొంది వచ్చి, యిచ్చటి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయులైరి. పిదప సర్కసు స్థాపించి, ఱొమ్ముపై నేనుగును నిలిపి జనులను విస్మయపఱచిరి. 1942లో గతించిరి.

ఆ బలము పురుషులకేనా? ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరిగారికి నీలంశెట్టి అప్పన్నగారు బరువులెత్తు విద్య నేర్పిరి. 2000 సంవత్సరమున సిడ్నీలో ఆమె యొక విధమున 110, మఱియొక విధమున 130 కిలోలెత్తి కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకము నందిన ప్రథమ భారతమహిళ యైనది.

సోదరీమణులారా! నీటిబిందెలు మోయునపుడు మనల నెవ్వరును వలదనలేదు గదా! గురువు తలుపు తెఱచి కూర్చున్నను, బిడ్డను గడప దాటించుట తల్లి పని.

మఱునా డుదయముననే పిల్ల చేయి పట్టుకొని మేమే బయలుదేఱితిమి. అత్తగారు మాటాడలేదు, కాని తిరిగివచ్చుసరికి పాలు కాచి యుంచిరి.