మాఘమాసపు లెక్క

పదవీ విరమణానంతరము చేతికి వచ్చిన ధనములో అధికభాగమును బ్యాంకులో దాచి, మిగిలిన దానితో కొమురవెల్లి ప్రాంతమునందలి మా స్వగ్రామములో గొర్రెలను కొని పాలుకిచ్చితినని తెలిసినప్పటినుండి, అడిక్‌మెట్‌లోని మా యిరుగుపొరుగువారు నన్నడుగు ప్రశ్న యొక్కటే: వడ్డీకంటె నెక్కువ వచ్చుచున్నదా యని. ఈ ప్రశ్నకు మాఘమాసమున మాత్రము ఉత్తర మియ్యరాదని నా దృఢాభిప్రాయము. ఏలయన, ఆ నెలలో మంద తన నిజస్థితికంటె మిక్కిలి సంపన్నముగా గానవచ్చును.

తొలకరి పచ్చిక మేసి యెదకు వచ్చిన గొర్రెలు అయిదు మాసములు మోసి కార్తీక మార్గశిరములలో ఈనును. మాఘము నాటికి వాని పిల్లలు పాలు మాన్పదగిన యీడునకు వచ్చును. సంక్రాంతి పిదప మొదలై ఉగాది వరకు ఆదివారము లాదివారములుగా సాగు మల్లన్న జాతరవలన పొట్టేళ్లకు గిరాకియు నప్పుడే పెరుగును. పనియు నప్పుడే మిక్కుటము. తడిగడ్డి నంటియుండు నట్టల పిల్లపురుగులు కడుపులోనికి పోవును గనుక, మంచు ఆరనిదే మందను దొడ్డి విడువరాదు. వెనుక పుట్టిన పసిపిల్లలను చలిగాలి తాకకుండ గంపల క్రింద మూయవలెను. నట్టల మందు త్రాగింపవలెను. పారుడు రోగమునకు టీకా వేయని జీవాలకు వేయింపవలెను. చలి తగ్గుముఖము పట్టగనే దక్కని జీవాల ఉన్ని కత్తిరింపవలెను. కురుమ స్త్రీలు వడుకగా పురుషులు నేసి, చింతగింజల గంజి పట్టించి గొంగళ్లు చేసిన ఆ ఉన్నికి నేడు కత్తిరించువాని కూలియైనను గిట్టకుండుట నాకు నిజముగా బాధ కలిగించు విషయము.

ఈ పనియంతయు జేయువాడు నాకు తమ్ముని వరుస యగు కాపరి. 2017లో రాష్ట్రప్రభుత్వము గొల్ల కురుమలకు 20 గొర్రెలను, ఒక పొట్టేలును కలిపి 1,25,000 రూపాయల వెలకట్టి, లబ్ధిదారుని వంతు 31,250గా నిర్ణయించి పంచినది. పెట్టుబడి యనగనే మా యూర నేటికిని చాలమంది తలచునది అట్టి కొనుబడి మొత్తమునే. మేపువాని రెక్కల కష్టమును, వేసవి మేతను అందు చేర్చి చూచువారు అరుదు. పాలు పద్ధతిలో పుట్టిన పిల్లలు చెరిసగము; నే నొక షరతు చేర్చితిని: మందుల ఖర్చు, మేత ఖర్చు, కాపరి నెలభత్యము, ఈ మూడును తీసివేసిన పిదపనే పంపకము.

పట్నములో నుండి నేను చేయదగిన సాయము కొద్దిది. జియాగూడ మండీకి పోయి ధర విచారించి ఫోనులో తెలుపుదును. జబ్బు లక్షణము వినవచ్చిన నారాయణగూడ పశువైద్యశాలలో అడిగి చెప్పుదును. బేరగాండ్రు నడుము తడవి గుత్తగా వెలకట్టుట మానిపించుటకై దొడ్డివద్ద వేపకొమ్మకు త్రాసు వ్రేలాడదీయించితిని. తూకము కన్నులయెదుట నున్నప్పుడు బేరము తీరే వేరు.

ఎంత ధర పలికినను ఆడపిల్లలను అమ్మము. పొట్టేలు పిల్లలలోనైన, వేసవి మేతకు కావలసినంత సొమ్ము వచ్చువరకే అమ్ముదుము. ఒకయేడు మంచి బేరము రాగా, అన్నియు నమ్మివేయుదమా యని నేనే అడిగితిని. “అన్నా, పైసలైతె ఇయ్యాల్నే వస్తయి. ఎండకాలం మేత యాడికెల్లి వస్తది?” అని యతడనెను. నూర్పిళ్లు జరుగు ఈ దినములలో చవుకగా దొరకు కందిపొట్టు, వేరుశనగ కట్టె వైశాఖము వచ్చుసరికి ప్రియమగును. కావున మాఘమున చేతబడిన రూకలు ఆ మాసముననే మేతవామిగా మారును. వానలు కురిసి మంద మరల పచ్చికకు పోయిన పిమ్మట ఏమైన మిగిలినయెడల దానిని పంచుకొందుము. కొన్ని యేండ్లు అది బ్యాంకు వడ్డీకంటె నెక్కువయే యైనది, కొన్ని యేండ్లు కాలేదు.

అతడు తన వంతును సొమ్ముగా గాక ఆడపిల్లల రూపమున తీసికొనుచు వచ్చినందున, నేడు ఆ మందలో అతని జీవాలే నావానికంటె నెక్కువ. పాలు పద్ధతి మాని, నా కొద్ది జీవాలకు నేనే అతనికి మేపుకూలి ఇచ్చుట న్యాయమని యీ మాఘమున నేను ప్రతిపాదించితిని. కూలి యెంతయనునది మా యిద్దరిమధ్య నింకను తేలవలసియున్నది.