కోటకి వంటిల్లు బయట!

ఏమండోయ్, మార్కెట్ నుంచేనా? సంచిలో పుచ్చకాయ కనబడుతోంది. ఎన్ని కిలోలు? నాలుగా! దానికే ఇంత ఆయాసమా? కాస్త ఈ గోడ పక్కన ఆగండి, దియార్‌బకిర్ పుచ్చకాయ సంగతి చెప్తాను.

ఆ ఊరెక్కడంటారా? టర్కీలోనే ఆగ్నేయాన, టైగ్రిస్ ఒడ్డున. చుట్టూ నల్లరాతి కోటగోడ, సుమారు 5.8 కిలోమీటర్లు. చూస్తే చుట్టానికి మంచినీళ్లయినా ఇవ్వరేమో అనిపిస్తుంది. గోడ దిగారా, కిందంతా హెవ్సెల్ తోటలు! ఊరికి కూరలూ పళ్లూ అక్కణ్ణుంచే వచ్చేవి.

ఇంటికి తాళం బిగించి వంటిల్లు వీధిలో పెట్టుకున్నట్టు లేదూ? శత్రువుకి ఆ కిటుకు తెలియదా? క్రీ.పూ. 866లో అస్సీరియా రాజు అషుర్‌నాసిర్‌పాల్ దండెత్తి వచ్చి, ఈ ఊరి తోటలు నరికించాడు. పైగా ఆ ఘనకార్యాన్ని రాతిమీద చెక్కించుకున్నాడు. సిగ్గు లేకపోతే సరి!

1655లో ఎవ్లియా చెలెబీ అనే యాత్రికుడు వచ్చాడు. మా మేనమామ కబుర్లలాగే ఆయనవీ కాస్త తగ్గించుకుని వినాలి. వేసవిలో జనం కోట దిగి ఏటి ఒడ్డున కాపురం పెట్టేవారట. పాకలు దేనితో? రేహాన్‌తో. అదేనండీ, ఫాలూదాలో వేసుకునే సబ్జా గింజల మొక్క. గోడలూ అదే, కప్పూ అదే. వేళ్లు నేలలోనే ఉండేవట, అంటే ఇల్లే పెరుగుతుందన్నమాట! మన అపార్ట్‌మెంట్లో పెరిగేది మెయింటెనెన్స్ ఒక్కటే.

ఆఁ, పుచ్చకాయ కదూ! మన పెన్న ఇసుకలో దోసపాదులు పెట్టినట్టే, ఏరు తగ్గాక ఇసుకలో గుంటలు తవ్వి గింజలు నాటడం అక్కడి పాత పద్ధతి. అడుగున చెమ్మ, నెత్తిన ఎండ. ఎరువేమిటో చెప్పుకోండి చూద్దాం. పావురాల రెట్ట! దానికోసం పావురాలకి ఇళ్లే కట్టించారు. బొరన్‌హానే అంటారు. అద్దె రెట్టలోనే చెల్లు. మన బాల్కనీలో అవి ఉచితంగా ఇచ్చిపోతుంటే మనమేమో వలలు కట్టి తరుముతున్నాం.

ఆ కాయలు 50 కిలోలు తూగిన సందర్భాలున్నాయి. గుజ్జు తీసేసి, డొప్పలో పసిపిల్లని కూర్చోబెట్టి ఫొటో తీసుకోవడం వాళ్ల సరదా.

2015లో యునెస్కో కోటనీ తోటలనీ కలిపే ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కించింది. మొగుడికి సన్మానం చేసి పెళ్లాన్ని వంటింట్లో వదిలేయలేదు. ఇద్దరికీ ఒకటే శాలువా!

సరే, మీ నాలుగు కిలోల కాయకేం చిన్నతనం లేదు, కోయండి. సగం ఇటు అందించండి. ఇంతసేపూ ఊరికే చెప్పాననుకున్నారా?