దసరా నాటి దగ్గు

మా ఇంట్లో ఎవరికి దగ్గొచ్చినా కషాయం కోసం ముందు నా వంటింటి గుమ్మంలోకే వస్తారు. మా అమ్మమ్మ నేర్పిన కషాయం అది. రెండు గ్లాసుల నీళ్లలో పది మిరియాలు, వేలెడంత శొంఠికొమ్ము దంచి వేసి, నాలుగు తులసి రెమ్మలు, చిటికెడు పసుపు కలిపి, గ్లాసుడయ్యేదాకా మరిగించాలి. దించాక తాటిబెల్లం. ఇరుగుపొరుగు వాళ్లు కూడా అడిగి చేయించుకునేవారు. నా చేతికి ఆ పేరుండటం నాకెంతో ఇష్టం.

మామయ్యగారికి దగ్గు పట్టుకుంది. పొద్దున్నే కషాయం, మధ్యాహ్నం అల్లం రసంలో తేనె, పడుకోబోయే ముందు బుగ్గన కరక్కాయ ముక్క. "రాత్రి కాస్త నిద్రపట్టిందమ్మా" అనేవారు. నాకా మాట చాలు. నాలుగు రోజులకి మళ్లీ మొదలైతే మిరియాలు పన్నెండు చేశాను. తర్వాత పదిహేను. సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతుంటే మిరియాల వేడి అనుకున్నాను. ఉంగరం జారిపోతోందని ఆయన దానికి తెల్లదారం చుట్టుకుంటే ముడి నేనే వేశాను. ఆ వేలు ఎంత సన్నబడిందో నా చేతికి తెలుస్తూనే ఉంది. పెద్దవయసు కదా అని సరిపెట్టుకున్నాను.

ఒకరోజు ఆశా కార్యకర్త ఏదో పనిమీద వచ్చి, లోపల్నించి ఆయన దగ్గు విని, "ఎన్నాళ్లనుంచి వదినా?" అంది. చెప్పలేకపోయాను. మిరియాలెన్నో తెలుసు, బెల్లమెంతో తెలుసు, రోజులు తెలియవు. తలచుకుంటే, దసరా నాడు గుమ్మానికి బంతిపూల దండ కడుతూ ఆయన ఆగి ఆగి దగ్గడం గుర్తొచ్చింది. ఆమె వచ్చేసరికి నేను కార్తీక పౌర్ణమికి 365 ఒత్తులు చేసుకుంటూ కూర్చున్నాను. నెల దాటిపోయింది. రెండు వారాలు దాటిన దగ్గుకి తెమడ పరీక్ష చేయించాల్సిందేనని, సర్కారు ఆసుపత్రిలో డబ్బు అక్కర్లేదని ఆమె చెప్పింది.

టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడారు, తగ్గింది. మొదట్లో మూత్రం నారింజ రంగులో వస్తుంటే ఆయన బెదిరిపోయారు. అది రిఫాంపిసిన్ మాత్ర రంగేనని డాక్టరుగారు ధైర్యం చెప్పారు. నాకు మాత్రం గట్టిగా చెప్పారు: ఈ మాత్రల్లో కొన్ని కాలేయాన్ని దెబ్బతీయగలవు, మాకు చెప్పకుండా ఏ పసరూ, ఏ చూర్ణమూ పట్టొద్దు. అప్పటికే నేను పెరట్లో నేల ఉసిరి పీకి, కడిగి, చాటలో ఆరబెట్టి ఉన్నాను.

కషాయం గొంతుకి హాయినిస్తుంది, తేనె దగ్గుని కాస్త అణుస్తుంది. ఊపిరితిత్తుల్లో కూర్చున్న క్రిమిని అవేం చేస్తాయి? రాత్రి దగ్గు తగ్గడాన్నే జబ్బు తగ్గడమని నేను నమ్మి, ఆయన్నీ నమ్మించాను. ఇప్పటికీ కషాయం కాస్తాను. కాకపోతే మొదటి రోజే క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టి, పొయ్యి వెలిగిస్తాను.

నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. ఆ నెల రోజులూ నాలుగేళ్ల మా చిన్నాడు కథల కోసం తాతయ్య దోమతెరలోనే పడుకున్నాడు. పరీక్షల్లో వాడికి జబ్బు లేదన్నారు. అయిదేళ్లలోపు పిల్లవాడు కాబట్టి రాకుండా ఉండటానికి మాత్రలిచ్చారు. రోజూ పొద్దున్నే చెంచాలో నీళ్లు పోసి మాత్ర నలిపి తీసుకెళ్తే, వాడు నోరు మూసుకుని, మళ్లీ తెరిచి, "నాకు దగ్గు లేదుగా అమ్మా" అనేవాడు.