మూత్రంలో సోయా జాడ



సోయా గురించి నన్ను అడిగేవారు రెండు రకాలు. అది తింటే ఎముకలు గట్టిపడతాయట కదా అనేవారు కొందరు. అది ఒంట్లో ఆడ హార్మోనులా పేరుకుపోతుందట కదా అనేవారు మరికొందరు. ఈ ఆశకూ ఆ భయానికీ మూలం ఒకే రకపు పదార్థాలు. వాటిని ఐసోఫ్లేవోన్లు అంటారు. జెనిస్టీన్, డైడ్జీన్ వాటిలో ముఖ్యమైనవి. వీటి అణువు ఆకారం ఈస్ట్రోజెన్‌ను కొంత పోలి ఉంటుంది. అయితే అవి పేరుకుపోతాయా లేదా అన్నది వాదనతో తేలే విషయం కాదు. కొలిచి తేల్చవలసినది, శాస్త్రజ్ఞులు కొలిచి తేల్చినది కూడా.

సోయా గింజలో ఇవి ఎక్కువగా చక్కెరతో జతకట్టి ఉంటాయి. పేగులోని ఎంజైములు, సూక్ష్మజీవులు ఆ జతను విడదీస్తాయి. లోపలికి చేరినవాటికి పేగు గోడ, కాలేయం మరొక ఆమ్లపు తోకను తగిలించి, నీటిలో కరిగేలా చేసి మూత్రపిండాలకు అప్పగిస్తాయి. తిన్న ఆరేడు గంటలకు రక్తంలో వీటి మోతాదు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆపై ఆరు నుంచి పది గంటలకొకసారి సగానికి తగ్గుతూ, రెండు రోజుల్లో దాదాపుగా వెళ్లిపోతుంది. డీడీటీలాగా కొవ్వులో దాగి ఏళ్ల తరబడి కూర్చునే స్వభావం వీటికి లేదు. కాబట్టి ఈ మూత్ర పరీక్ష నిన్నటి, మొన్నటి భోజనం గురించి చెబుతుందే గాని నిరుటి భోజనం గురించి చెప్పదు.

కొలవడం మాత్రం తేలిక కాదు. 1925లో మన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తమూత్రాలలోని భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించారు. భాస్వరం మన ఒంట్లో పుష్కలం గనుక రంగు సరిపోయింది. ఐసోఫ్లేవోన్లు అత్యల్పం. ముందుగా కాలేయం తగిలించిన తోకను తీసివేయాలి. అందుకు ఒక జాతి నత్త జీర్ణరసం నుంచి తీసిన ఎంజైమును ఎక్కువగా వాడుతూ వచ్చారు. (నత్తకు ప్రయోగశాలలో ఇంత గౌరవం ఉంటుందని నా విద్యార్థి దశలో ఎవరూ చెప్పలేదు.) ఆ తరువాత మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రంతో అణువులను బరువును బట్టి గుర్తించి లెక్కిస్తారు. ఈ విధంగానే ఫిన్లాండు శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఆడ్లర్‌క్రాయిట్జ్ బృందం 1993లో జపాను పురుషుల రక్తాన్నీ ఫిన్లాండు పురుషుల రక్తాన్నీ పోల్చింది. జపాను వారిలో ఒక్కొక్క పదార్థం 7 నుంచి 110 రెట్లు అధికంగా కనిపించింది.

ఇంతవరకు సూటిగానే ఉంది. చిక్కు పేగులో ఉంది. కొందరి పేగుల్లోని సూక్ష్మజీవులు డైడ్జీన్‌ను ఈక్వాల్ అనే మరో పదార్థంగా మారుస్తాయి. దీన్ని మొదట 1932లో చూడికట్టిన గుర్రం మూత్రంలో కనుగొన్నారు. పేరులోనే గుర్రం ఉంది. మానవ మూత్రంలో దీన్ని గుర్తించడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. పాశ్చాత్యులలో సుమారు మూడో వంతు మంది, జపాను వారిలో సగానికి పైగా దీన్ని తయారుచేసుకోగలరు. మిగిలినవారికి ఎంత సోయా పెట్టినా రాదు. ఒకే పళ్లెంలో తిన్న భార్యాభర్తల నివేదికలు వేరువేరుగా రావచ్చు. అదీగాక, తిన్న డైడ్జీన్‌లో సగానికి మించి మూత్రంలో కనబడదు. జెనిస్టీన్ ఇంకా తక్కువ.

ఇక మా సంజామల వైపు వద్దాం. నంద్యాల జిల్లాలోని ఈ నల్లరేగడి నేలల్లో సోయా కన్నా పప్పుశనగ ముఖ్యం. (బుడ్డలు వేరు, మావైపు వేరుశనగను అలా అంటాం.) అక్టోబరులో విత్తిన పంట నేలలో మిగిలిన పదునుతోనే పండుతుంది. ఉగ్గానిలో పప్పుల పొడి, పక్కన శనగపిండి బజ్జీ మాకు నిత్యం. జీవితంలో మీల్ మేకర్ ముట్టని సంజామల రైతు మూత్రాన్ని ఆ యంత్రంలో పెడితే సోయా జాడ కనబడుతుందా? కొద్దిగా కనబడవచ్చు. శనగలో బయోకానిన్-ఎ, ఫార్మోనోనెటిన్ అనే పదార్థాలు స్వల్పంగా ఉన్నాయి. మన ఒంట్లో మొదటిది జెనిస్టీన్‌గా, రెండోది డైడ్జీన్‌గా మారుతుంది. వంద గ్రాముల సోయా గింజల్లో ఐసోఫ్లేవోన్లు సుమారు 150 మిల్లీగ్రాములుంటే, శనగలో కొద్ది మిల్లీగ్రాములే. ఆ జాడ సోయాదా శనగదా అన్నది యంత్రం చెప్పలేదు. మనిషిని అడగాలి.

ఆ ప్రాంతపు ఒక పెద్దమ్మ కొన్నేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చింది. ఆమెకు థైరాయిడ్ తక్కువ, మాత్ర వాడుతోంది. హైదరాబాదులో ఉన్న కొడుకు బలానికని సోయా పాలపొడి పంపాడు. నీరసం తగ్గకపోగా పెరిగింది. "సారూ, సోయా లోపల నిలిచిపోతాదంట. మూత్రం పరీక్ష ఏదన్నా ఉంటే రాయండి" అంది.

నేను ఆ పరీక్ష రాయలేదు. మాత్ర ఎప్పుడు వేసుకుంటావమ్మా అని అడిగాను. పొద్దున్నే, ఆ పాలతోనే అంది. టీఎస్‌హెచ్ చూపిస్తే, అంతకు ముందున్న దానికంటే బాగా పెరిగి ఉంది. సోయా ఆహారం థైరాయిడ్ మాత్రలోని మందును పేగులో సరిగా పీల్చుకోనివ్వదు. అయోడిన్ సరిపడా అందేవారి ఆరోగ్యకరమైన థైరాయిడ్ గ్రంథిని సోయా చెడగొడుతుందనడానికి మాత్రం తగిన ఆధారం లేదు. జరిగిన నష్టం మందు రక్తంలోకి చేరకముందే జరిగింది. ఆమె మూత్రంలో ఐసోఫ్లేవోన్లను ఎంత ఖచ్చితంగా కొలిచినా ఈ సంగతి బయటపడేది కాదు. మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకొమ్మని, గంట దాకా ఏమీ తినవద్దని, సోయా పాలు తాగాలనిపిస్తే సాయంత్రం తాగమని చెప్పాను. ఎనిమిది వారాలకు మళ్లీ చూస్తే అదే మోతాదు మాత్రతో టీఎస్‌హెచ్ దిగివచ్చింది.

మీలో థైరాయిడ్ మాత్ర వాడేవారు ఈ ఒక్క సంగతి ఈ రోజే సరిచూసుకోండి. మీ వైద్యుడికి చెప్పకుండా మోతాదు మార్చవద్దు. రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందినవారు ఐసోఫ్లేవోను బిళ్లలను సొంతంగా కొనవద్దు. కూరలో వేసిన మీల్ మేకర్, మందుల దుకాణంలోని బిళ్ల ఒకటి కావు.

వెళ్తూ వెళ్తూ ఆమె ఇంకో మాట అడిగింది: మిగిలిన పొడిని నాలుగు నెలల మనవడికి పట్టవచ్చునా అని. వద్దన్నాను. పెద్దల సోయా పొడి శిశువుల ఆహారం కాదు. శిశువుల కోసమే తయారైన సోయా పాలు కూడా వైద్యుడు చెప్పినప్పుడే వాడాలి. కెనెత్ సెట్చెల్ బృందం 1997లో ఆ పాలు తాగే నాలుగు నెలల పిల్లలను పరిశీలించింది. పెద్దల్లో హార్మోను ప్రభావం చూపే మోతాదుకు, శరీర బరువు లెక్కన, 6 నుంచి 11 రెట్లు ఐసోఫ్లేవోన్లు వారికి అందుతున్నాయని తేల్చింది. అంతమాత్రాన హాని రుజువైనట్టు కాదు. కానీ తల్లిపాలు దొరికే బిడ్డకు ఆ లెక్క అవసరమే లేదు. కోడలు పాలిస్తూనే ఉందని పెద్దమ్మే చెప్పింది.