గేటు దగ్గర టికెట్ లేని పార్కు



సెలవులు దగ్గర పడుతున్నాయంటే చాలు, మన క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న తిరుగుతుంది: "పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" ఎవరో ఒకరు ఒక థీమ్ పార్కు పేరు చెప్తారు. వెంటనే టికెట్ ఎంత, లోపల రైడ్లు ఎన్ని, ఒక్క రోజులో అన్నీ అవుతాయా అని లెక్కలు మొదలవుతాయి. ఆ లెక్కల్లో తప్పేం లేదు. నలుగురున్న కుటుంబం గేటు దగ్గర అంత డబ్బు కట్టాక, లోపలికి వెళ్లి చెట్టు కింద కూర్చోవాలంటే ఎవరికైనా మనసొప్పదు. "కట్టాం కదా, అది కూడా ఎక్కేయ్" అని పిల్లల్ని తొందరపెట్టని అమ్మానాన్నలు మనలో ఎంతమంది?

ఈ నెల నేను మీకు చెప్పాలనుకుంటున్నది గేటు దగ్గర ఒక్క పైసా కూడా తీసుకోని పార్కు గురించి. అది మన దగ్గర లేదు, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉంది. అయినా అక్కడ మా పిల్లలతో గడిపిన ఒక రోజులో మన ఊళ్లో కూడా పనికొచ్చే సంగతులు కొన్ని దొరికాయి. అందుకే రాస్తున్నాను.

2019 వేసవి సెలవుల్లో అమ్మనీ, మా బాబునీ వెంటబెట్టుకుని న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్న మా అక్క వాళ్లింటికి వెళ్లాను. బాబు అప్పుడు మూడో తరగతిలోకి వెళ్లబోతున్నాడు. అక్క కూతురు వాడికంటే నాలుగేళ్లు పెద్ద. ఒక శనివారం పొద్దున్నే అక్క పులిహోర, పెరుగన్నం కట్టింది. బావగారు కారు తీశారు. దాదాపు మూడు గంటల ప్రయాణం తర్వాత ఎలిస్‌బర్గ్ అనే చిన్న ఊరి పక్కనున్న కనోబెల్స్ పార్కుకు చేరుకున్నాం.

ఈ పార్కు చరిత్ర తెలుసుకుంటే దాని తీరు అర్థమవుతుంది. కనోబెల్ కుటుంబానికి అక్కడ పొలం, కలప మిల్లు ఉండేవి. వేసవిలో చుట్టుపక్కల జనం వాగులో ఈత కొట్టడానికి, చెట్ల నీడన కూర్చుని తినడానికి వస్తుండేవాళ్లు. ఆ జనాన్ని చూసి 1926 జులై 4న ఒక ఈతకొలను, ఒక రెస్టారెంటు, ఒక రంగులరాట్నం, కొన్ని ఆటలతో పార్కు మొదలుపెట్టారు. 1972లో అగ్నెస్ తుఫాను వరద దాన్ని ముంచెత్తినా, బాగు చేసుకుని మళ్లీ తెరిచారు. తరాలు మారినా ఈనాటికీ ఆ కుటుంబమే నడుపుతోంది. ప్రవేశం ఉచితం, పార్కింగ్ ఉచితం. బయటి నుంచి తిండి తెచ్చుకుని అక్కడి బల్లల మీద కూర్చుని తినొచ్చు. ఏ రైడ్ ఎక్కాలనుకుంటే దానికి మాత్రమే టికెట్లు ఇవ్వాలి. కొన్ని రోజుల్లో అన్నిటికీ కలిపి ఒకే ధరకు బ్యాండ్ కూడా అమ్ముతారు, కానీ మేం టికెట్ల పుస్తకాలే కొన్నాం.

గేటు ఫీజు లేకపోవడం వల్ల మొదటి మేలు జరిగింది అమ్మకి. మోకాళ్ల నొప్పుల మనిషి. వేరే పార్కు అయితే "నేనేం ఎక్కుతానే, అంత డబ్బు దండగ" అని ఇంట్లోనే ఉండిపోయేది. ఇక్కడ పెద్ద చెట్టు కింద బల్ల మీద టిఫిన్ డబ్బాలు పెట్టుకుని, వచ్చే పోయే జనాన్ని చూస్తూ హాయిగా కూర్చుంది. ఆకలేసినప్పుడల్లా పిల్లలు పరుగున ఆమె దగ్గరికే వచ్చారు. ఆ రోజుకి మా అందరి మకాం అమ్మమ్మ బల్లే.

బావగారు పిల్లలిద్దరికీ చెరో టికెట్ల పుస్తకం ఇచ్చి చెప్పింది ఒక్కటే మాట: "ఇవి మీవి. ఎక్కడ ఖర్చు పెట్టుకుంటారో మీ ఇష్టం. అయిపోతే మాత్రం మళ్లీ కొనేది లేదు."

అక్క కూతురు మెరుపులా వెళ్లి ఫీనిక్స్ లైన్లో నిలబడింది. ఫీనిక్స్ అంటే ఆ పార్కులోని పెద్ద చెక్క రోలర్ కోస్టర్. దాని కథ పిల్లలకు చెప్పదగ్గది. 1940లలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో ‘రాకెట్’ అనే పేరుతో దాన్ని కట్టారు. ఆ పార్కు మూతపడ్డాక కోస్టర్ పాడుబడి మిగిలింది. కనోబెల్స్ వాళ్లు దాన్ని కొని, చెక్కచెక్కకీ నంబరు వేసి విప్పి, లారీల మీద ఇంత దూరం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. 1985లో కొత్త పేరుతో తెరిచారు. తన బూడిదలోంచి తానే తిరిగి పుట్టే పక్షి పేరు పెట్టడం సరిగ్గా కుదిరింది. కోస్టర్ల అభిమానులు ఈనాటికీ దాని కోసం దూరదూరాల నుంచి వస్తారు.

మా బాబు మాత్రం లైన్లోకి రాలేదు. కంచె పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాడు. బండి పైకి ఎక్కడం, ఒక్కసారిగా కిందికి దూకడం, జనం కేకలు, చెక్కల చప్పుడు అన్నీ గమనించాడు. ఒకటి, రెండు, మూడు సార్లు. పావుగంట దాటింది. నేను పక్కనే నిలబడ్డాను. తొందరేముంది? గేటు దగ్గర ఏమీ కట్టలేదు, వాడు చూస్తున్నందుకు ఏ నష్టమూ లేదు. చివరికి నా వైపు తిరిగి, "అమ్మా, దీనికి ఎక్కువ టికెట్లు పోతాయి. నాకు భయంగా కూడా ఉంది. ఇవాళ వద్దు" అన్నాడు. సరే అన్నాను. భయం, ఖర్చు రెండూ పక్కపక్కన పెట్టుకుని ఎనిమిదేళ్ల పిల్లవాడు తనంతట తాను చేసుకున్న నిర్ణయం అది. అంతకంటే నేను చెప్పేదేముంది?

వాడి మనసు పడింది రంగులరాట్నం మీద. 1913 నాటిది. చేత్తో చెక్కిన 63 గుర్రాలు, గాలితో మోగే పాతకాలపు ఆర్గన్. అమెరికాలో చాలా చోట్ల ఎప్పుడో ఆగిపోయిన ఒక పాత ఆట అక్కడ ఇంకా నడుస్తోంది. బయటి వరుస గుర్రాల మీద కూర్చున్నవాళ్లు, రాట్నం తిరుగుతుండగా చెయ్యి చాచి పక్కనున్న పరికరంలోంచి ఒక రింగు లాగొచ్చు. దాదాపు అన్నీ మామూలు రింగులే. ఇత్తడిది దొరికితే ఇంకో రౌండు ఉచితం.

వాడు అది నాలుగుసార్లు ఎక్కాడు. మొదటిసారి చెయ్యి అందలేదు. రెండోసారి అందింది కానీ రింగు జారిపోయింది. మూడోసారి నుంచి రింగులు వచ్చాయి, అన్నీ మామూలువే. ఇత్తడి రింగు రాలేదు. "ఒంటి నిండా వంగకూడదమ్మా, ముందే చెయ్యి చాచి పెట్టుకుంటే అదే వేలికి తగులుకుంటుంది" అని దిగాక నాకు వివరించాడు. ఒకే రైడ్‌కి నాలుగుసార్లు టికెట్లు పెట్టడం చూసే వాళ్లకు దండగ అనిపించొచ్చు. నాకు మాత్రం వాడు నాలుగోసారి ఎక్కినప్పుడు చెయ్యి చాచిన తీరు కళ్లకు కట్టినట్టుంది. మొదటిసారికీ దానికీ పోలికే లేదు.

నాలుగో రౌండుకి అమ్మని కూడా లాక్కెళ్లాడు. పెళ్లికి ముందు తిరునాళ్లలో ఎక్కిందట, మళ్లీ అప్పుడే. గుర్రం మీద కాకుండా బెంచీలాంటి రథంలో కూర్చుంది. దిగాక పది నిమిషాలపాటు ఆ తిరునాళ్ల కబుర్లే.

ఇక ఆ పార్కులో డబ్బు అవసరం లేని చోటు ఒకటుంది. ఆ ప్రాంతమంతా ఒకప్పుడు ఆంత్రసైట్ అనే గట్టి బొగ్గు గనులకు పేరు. ఆ జ్ఞాపకంగా పార్కులోనే చిన్న బొగ్గు గనుల మ్యూజియం పెట్టారు. ప్రవేశం ఉచితం. కార్మికుల పనిముట్లు, టోపీలు, దీపాలు ఉంటాయి. చాలామంది పిల్లలు అటు తొంగి కూడా చూడరు. మా వాడు అరగంట కదల్లేదు. కారణం ఉంది. మా నాన్నగారు కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యారు. క్యాప్ ల్యాంప్ గురించి, బాయిలోకి దిగే మొదటి షిఫ్టు గురించి ఆయన చెప్పిన మాటలు వాడి చెవుల్లో ఉన్నాయి.

ఇండియాలో తెల్లారే వేళ చూసుకుని మా నాన్నగారికి ఫోన్ చేశాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న మనందరం అడిగేదే: "ఎన్ని ఎక్కావురా?" వీడు ఆ లెక్క జోలికే పోలేదు. "తాతయ్యా, నీ టోపీ దీపంలాంటివి ఇక్కడ బోలెడున్నాయి. కొన్నిట్లో నిజం మంట ఉండేదట. మీ బాయిలో మంట దీపాలు వాడారా?" అని మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఆయన మళ్లీ రైడ్ల లెక్క అడగలేదు.

అక్క కూతురి లెక్క వేరు. ఫీనిక్స్ రెండుసార్లు ఎక్కేసరికి పుస్తకంలో చాలా భాగం ఖాళీ అయింది. మధ్యాహ్నానికి టికెట్లు అయిపోయాయి. కాసేపు ముఖం మాడ్చుకుని, తర్వాత అమ్మమ్మ పక్కన చేరి పులిహోర తింటూ, "రెండుసార్లు ఎక్కాను, అది చాలు" అంది. బావగారు మళ్లీ కొనివ్వలేదు. ఆ పిల్లా అడగలేదు.

ఈ అనుభవం మన ఊళ్లో కూడా దొరుకుతుంది. హైదరాబాద్‌లో 1938లో మొదలైన నుమాయిష్ ఉంది కదా. ఏటా జనవరి 1 నుంచి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతుంది. అక్కడ లోపలికి వెళ్లే టికెట్ చిన్నది, రైడ్లకు విడివిడిగా కట్టాలి. మీ ఊళ్లో వేసవి ఎగ్జిబిషన్ వస్తుంది, జాతరలో జెయింట్ వీల్ పెడతారు, తిరునాళ్లలో చేత్తో తిప్పే రంగులరాట్నం ఇంకా కనిపిస్తుంది. అవి చాలావరకు ఊరూరా తిరిగే కుటుంబాలు నడుపుకునేవే. ఈసారి వెళ్లినప్పుడు పిల్లల చేతికి ఒక మొత్తం ఇచ్చి చూడండి, రెండు వందలైనా మూడు వందలైనా సరే. మొత్తం ముందే చెప్పండి, తర్వాత పెంచకండి. భద్రత సంగతి మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. ఎత్తు చాలకపోయినా, యంత్రం తీరు నచ్చకపోయినా, బెల్టు సరిగ్గా లేకపోయినా మీరు వద్దంటే వద్దే. మిగిలినదంతా వాళ్ల ఇష్టం. కాసేపు నిలబడి చూస్తామంటే చూడనివ్వండి. ఎక్కనంటే వదిలేయండి. ఇంటికొచ్చాక "ఎన్ని ఎక్కావు?" అని కాకుండా "ఏం చూశావు?" అని అడగండి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మా బాబు ఇప్పుడు తొమ్మిదో తరగతి. బంధువుల ఫోన్లలో ఎంపీసీయా బైపీసీయా అన్న ప్రశ్న అప్పుడే మొదలైంది. మనందరం ఫీజులు కడుతున్నాం. కట్టిన దానికి తగ్గ ఫలితం రావాలనుకోవడం సహజం. కానీ ఒక్కసారి ఆలోచించండి. చిన్నప్పటి నుంచి ప్రతిదీ మనమే ఎంచి, మనమే ఎక్కించి, పదో తరగతి అయ్యాక ఒక్కసారిగా "ఏం చదువుతావో చెప్పు" అంటే ఆ పిల్లలు ఏం చెప్తారు? ఎంచుకోవడం కూడా ఈత లాంటిదే, నీళ్లలో దిగితేనే వస్తుంది. మూడు వందల రూపాయల దగ్గర నేర్చుకుంటే నష్టం తక్కువ.

పోయిన నెల మా వాడిని ఏ గ్రూపు తీసుకుంటావని అడిగాను. "ఇంకా చూస్తున్నానమ్మా" అన్నాడు. సరే, చూడు అన్నాను.