బందరుకోట గోడలు

గడచిన శని, ఆదివారములలో మేము బందరుకోటను చూడబోయితిమి. ఆయుధాగారమును గంటగోపురమును శిథిలములై నిలిచియున్నవి. డచ్చివారు తొలుత వర్తకము నెరపిన యీ రేవును 1750లో ఫ్రెంచివారు గైకొనిరి. 1759 ఏప్రిలులో కర్నలు ఫోర్డు రాత్రివేళ దాడిచేసి కోటను ఇంగ్లీషువారికి సాధించెను. చరిత్రపుస్తకములలో మనము చదువునది యీ కథయే.

కాని 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్నది. శత్రువునకై కట్టిన గోడ సముద్రము నాపలేదు. సమీపముననే యున్న దివిసీమలో 1977 నవంబరు 19న మరల ఉప్పెన వేలకొలది ప్రజలను బలిగొన్నది. పిమ్మట తీరమున తుపాను రక్షణగృహములు వెలసినవి.

కోట ప్రయోజనము తలుపు మూయుటలో నున్నది. ఈ గృహముల ప్రయోజనము తలుపు తెరచుటలో నున్నది. అయినను కప్పు ఒక్కటి వేసినంతమాత్రమున మనస్సు లొక్కటి కావు. మామూలు దినములలో పొరుగువానిని కులము చూచి గడపవెలుపల నిలుపువారు, ఉప్పెనరాత్రి వానిప్రక్కన ఏ మొగముతో కూర్చుందురు? తలుపు తెరచుట మన యిండ్లలోనే, గాలివాన లేనినాడే, అభ్యసింపవలసిన విద్య.