చెలమ నీరు, చెలుల ముచ్చట

భాగవతములోని కుచేలోపాఖ్యానము నెరుగని తెలుగు గృహిణి యుండదు. మాసిన బట్టతో వచ్చిన బాల్యమిత్రుని శ్రీకృష్ణుడు పాన్పుపై గూర్చుండబెట్టి, పాదములు గడిగి, ప్రీతితో ముచ్చటించినది సిరిసంపదలను గూర్చి కాదు, గురుకులమున గడపిన దినములను గూర్చి. గురుపత్ని పంపగా కట్టెలకై అడవికి బోయిన నాడు పెద్ద గాలివాన గురిసి, దారి తెలియక, ఒకరి చేయి నొకరు పట్టుకొని తిరిగిన సంగతిని ఆయన మిత్రునకు జ్ఞప్తి చేసెను. చిన్ననాటి చెలిమికి కలసి పడిన కష్టమే గట్టి పునాది. మా అనంతపురపు మెరకసీమలో పెరిగిన ఆడువారు కూడినప్పుడును ఇట్లే జరుగును. అయితే మేము తలచుకొనునది వానను కాదు, వాన లేమిని.

ఈ సీమను చూడని సోదరీమణుల కొక్క మాట. నైరృతి మేఘములను పడమటి కనుమలే ఆపివేయును. తూర్పు సముద్రము నుండి వచ్చు ఈశాన్యపు వానలు మా దాక వచ్చుసరికి సన్నగిలును. ఏడాది మొత్తమున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు అదనునకు కురియుననెడి నమ్మకము లేదు. ఎఱ్ఱనేల, నల్లరాతి గుట్టలు, వానకై మొగమెత్తి చూచు బుడ్డల చేలు, ఇదియే మా లోకము. 2022 ఏప్రిలులో జిల్లాను విభజించి ధర్మవరము, కదిరి, పెనుకొండ, హిందూపురములను శ్రీ సత్యసాయి జిల్లాలో చేర్చిరి. జిల్లా పేరు మారినది గాని ఆకాశము మారలేదు.

మొన్నటి వేసవి సెలవులలో నేనును, నా చెలులు మువ్వురును బుక్కరాయసముద్రము చెరువుకట్ట మీద కలసికొంటిమి. మా పరిచయము చిన్ననాటిది. మా నాయనగారు నాకు ఇంటిలోనే భారత భాగవతములు చెప్పుచుండగా, మా వీధిలోని వసతిగృహమున నుండి బడికి బోవుచుండిన ఈ మువ్వురును సాయంకాలములు వచ్చి, అరుగు మీద కూర్చుండి వినెడివారు. ఇప్పుడొకతె ధర్మవరములో నేతవారి కోడలు. ఒకతె తాడిపత్రిలో నున్నది. ఇంకొకతె కల్యాణదుర్గము వైపు తన పుట్టినపల్లెలోనే మేనమామ యింట మెట్టినది. ఊరి పేరులే మాకు పిలుపు పేరులు.

ఆ చెరువును గూర్చి చెప్పవలెను. విజయనగరపు బుక్కరాయల కాలమున, 1364లో, ఆయన మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డకట్ట వేయించి దీనిని నిర్మించెనని ప్రతీతి. ఒకప్పుడు కట్ట తెగబోగా, ముసలమ్మ యను కోడలు తన ప్రాణమిచ్చి ఊరిని గాచెనని ఇచ్చటివారు చెప్పుకొందురు. ఆ కథనే కట్టమంచి రామలింగారెడ్డిగారు తాము కళాశాలలో చదువుకొను దినములలో “ముసలమ్మ మరణము” అను కావ్యముగా వ్రాసిరి. నీటి కొఱకు ఈ సీమ ఆడుదానిని ఏమేమి అడిగినదో ఆ కట్ట మీద కూర్చున్నప్పుడు తలంపునకు రాక మానదు.

తెచ్చుకొన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు విప్పితిమి. మాటలు నీటివైపే మళ్ళినవి. తాడిపత్రి ఆమె చిన్నతనమున తెల్లవారకముందే పెన్న యిసుకలో చెలమ త్రవ్వి, మొదటి నీరు తోడివేసి, తేట ఊరు వఱకు కాచుకొని, చిప్పతో బిందె నింపెడిదట. ఆ కాచుకొను వేళలోనే అచ్చనగాయలాట, అప్పుడే పాటలు, అప్పుడే పోట్లాటలు. ధర్మవరపు ఆమె చిత్రావతి యిసుకను తలచుకొన్నది. నా చిన్నతనము బుక్కరాయసముద్రములోనే గడచినది గనుక చెరువు క్రింది దిగుడుబావి నీరు నాకు తెలియును. కల్యాణదుర్గము ఆమె మాత్రము, “మాకు చెలమా లేదు, బావీ లేదు. బోరింగే. దాని పిడికి వేలాడితే నా కాళ్ళు నేలకు ఆనేవి కావు” అని నవ్వినది. నవ్వుచునే పమిటచెంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది. ఆ అలవాటు ఆమెకు పదేండ్ల నాటినుండియు కలదు.

ముప్పది యేండ్లు దాటిన ఆడువారి ముచ్చట ఎంత దూరము పోయినను ఒంటి బాధల దగ్గరకు రాక తప్పదు.

“ఏమే, మోకాళ్ళు ఎట్లుండాయి?”

“అవి బాగానే ఉండాయి. నన్నే ఉండనీవు.”

ధర్మవరపు ఆమెకు గుంటమగ్గములో కూర్చుండి కూర్చుండి భుజములు బిగిసినవి. జరీ పోగు కంటికి ఆనుట లేదు. తాడిపత్రి ఆమెకు రక్తము తక్కువ. ఇచ్చిన ఇనుము మాత్రలు పెట్టెలో భద్రముగా నున్నవి! కాఫీతో గాక నిమ్మరసముతో వేసికొన్నచో ఒంటికి బాగుగా పట్టునని చెప్పి ఆమెచేత ఒట్టు వేయించుకొంటిమి. కల్యాణదుర్గము ఆమె తనకు తెల్లవారుసరికి నడుము కొయ్యవలె బిగిసికొని పోవుచున్నదని చెప్పి, కొంతసేపు ఊరకుండి, ఇన్నేండ్లలో మాకెన్నడును చెప్పని మాట చెప్పినది.

ఆమె పండ్ల మీద గోధుమవన్నె చారలు కలవు. పెండ్లి చూపులకు వచ్చినవారు, “పిల్ల పండ్లు తోముకోదా?” అని ఆమె యెదుటనే అడిగిరట. ఆ రాత్రి వేపపుల్లతోను, ఇటుకపొడితోను చిగుళ్ళు నెత్తురు కారునంతగా తోమినదట. చారలు పోలేదు. రెండు సంబంధములు తప్పిన పిదప మేనమామకే ఇచ్చిరి. “మా చెల్లి నాకన్న ఎనిమిదేండ్లు చిన్నది. అదే ఇల్లు, అదే అమ్మ, అదే సంగటి. దాని పండ్లు మల్లెమొగ్గలు. నా తలరాత ఇట్ల రాసినాడు” అన్నది.

తాడిపత్రి ఆమె తల యెత్తి, “మీ చెల్లి పుట్టినాక మీ యింట్లో నీళ్ళు మారినాయేమే?” అని అడిగినది. కల్యాణదుర్గము ఆమె కొంచెము ఆలోచించి, “అవును. అది పుట్టిన ఏడే మా ఊరికి కొళాయి వచ్చె” అన్నది. మువ్వురము ఒకరి మొగము నొకరు చూచుకొంటిమి.

ఆ కొళాయి ఎట్లు వచ్చినదో ఈ జిల్లావారికి తెలిసినదే. 1995–96 ప్రాంతమున శ్రీ సత్యసాయి కేంద్ర ట్రస్టువారు నదుల యిసుకలో బావులు త్రవ్వియు, జలాశయముల నుండి గొట్టములు వేసియు, జిల్లాలో ఏడువందలకు పైబడిన గ్రామములకు మంచినీరు అందజేసిరి. అక్క పెరిగినది బోరింగు నీటితో. చెల్లి పెరిగినది నదినీటితో. ఆమె తలరాత అనుకొన్నది భూమి లోపలి రాతి నీరు.

మా నేల క్రింది నల్లరాతిలో ఫ్లోరైడు అను పదార్థము కలదు. వాన తక్కువ, ఎండ యెక్కువ యగుటచేత భూమిలోని నీరు చాలకాలము రాతిని ఒరసికొని యుండి, ఆ పదార్థమును కరగించుకొనును. పై నీరు ఇంకిపోయిన కొలది మనము బోరును లోతునకు దింపుదుము. చాలచోట్ల లోతునకు పోయిన కొలది ఆ దోషము పెరుగును. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వఱకే ఉండవలెననియు, వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వఱకు ఓర్వవచ్చుననియు మన దేశపు ప్రమాణము. దానిని మించిన నీరు పుట్టినది మొదలు ఎనిమిదేండ్ల లోపల త్రాగిన బిడ్డలకు, చిగురు లోపల పండ్లు ఏర్పడునప్పుడే మచ్చ పడును. తరువాత ఎంత మంచినీరు త్రాగినను ఆ మచ్చ మాయదు. ఎంత తోమినను పోదు. పెద్దయైన పిదప త్రాగినవారికి పండ్లు చెడవు గాని, దోషము మిక్కుటమైనచో ఏండ్లు గడచిన కొలది కీళ్ళును, వెన్నెముకయు బిగిసికొని పోవును. ఈ వ్యాధిని మన దేశమున తొలుదొలుత గుర్తించినది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలోనే.

నాలుగు దినముల పిదప ఆమె పల్లెకు పోతిమి. కల్యాణదుర్గము దారిలో కనుచూపు మేర ఎఱ్ఱని దుక్కి, నడుమ నడుమ బోడిగుండ్లు, గట్ల మీద కానుగచెట్లు. ఊరిలో వీధి కొళాయి యున్నది. కాని గొట్టము పాతబడి, నీరు కొన్ని దినముల కొకమారు వచ్చుచున్నది. వేసవిలో అదియు లేదు. రానినాడు మరల బోరు నీరే. ఆమెకు మూడేండ్ల కూతురు. మేము పోవుసరికి ఆ బిడ్డ బోరు తొట్టి దగ్గర దోసిలి పట్టి నీరు త్రాగుచుండెను. తల్లి దానిని చూచిన చూపు నేను మరువలేను.

శుభ్రమైన సీసాలో ఆ నీరు పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖవారి పరీక్షాశాలకు పంపితిమి. ఉపాధ్యాయులైన మా వారు దారి చెప్పిరి. నీరు పరిమితిని మించియున్నదని కాగితము వచ్చినది. త్రాగుటకును, వంటకును శుద్ధిచేసిన నీరు దినమునకు రెండు బిందెలు కొనవలెనని నిశ్చయించుకొన్నది. “పుట్టినప్పటినుంచి తాగుతున్న నీళ్ళే కదా, దుడ్లు పోసి కొనాల్నా?” అని అత్తగారు గొణిగినది. ఆమెకు అరువది యేండ్లు. మెడ తిరుగదు, పిలిచినవారి వైపు చూడవలెనన్న ఒడలంతయు త్రిప్పుకొనవలెను. కోడలు కాగితములోని సంగతి మెల్లగా చెప్పినది. ఆమె చాలసేపు మౌనముగా నుండి, “అయితే నా మెడ ముసలితనంతో పోలేదా?” అని అడిగినది. ఎవ్వరమును బదులు చెప్పలేదు. మరునాటినుండి మనుమరాలికి ఏ బిందె నీరు పోయవలెనో ఆమెయే కావలి కాయుచున్నదట.

సోదరీమణులకు ఉపయోగపడునని కొన్ని సంగతులు వ్రాయుచున్నాను. నీరు కాచినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది అది చిక్కబడును. గుడ్డలో వడగట్టినను, మామూలు కొవ్వొత్తి ఫిల్టరులో పోసినను లాభము లేదు. ఆర్.ఓ. యంత్రము తగ్గించును, దాని లోపలి సరంజామా వేళకు మార్చవలెను. పటికయు, సున్నమును కలిపి నీటిని తేర్చు “నల్గొండ పద్ధతి” యని యొకటి కలదు. అది నీటిని పరీక్షించి, తూకము తెలిసినవారు చేయవలసినదే గాని మన చేతి అంచనాతో చేయదగినది కాదు. వానలో ఆ దోషము లేదు. తొలివాన పోనిచ్చి, శుభ్రమైన మిద్దె నీటిని మూతగల తొట్టిలో నిలుపుకొన్నచో అంతకు మించినది లేదు.

ఆహారమున పాలు, మునగాకు, ఉసిరిక, జామ వాడవలెను. మన రాగులు నూరు గ్రాములలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా సున్నపుసత్తువ గలవి. సంగటిని చిన్నచూపు చూడరాదు. చింతపండు తినుటచేత మూత్రములో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోవుచున్నదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు కొందఱు బాలురపై చేసిన పరిశీలన 2002లో ప్రకటింపబడినది. అంతమాత్రమున అది ఔషధమనుకొని చెడునీరే త్రాగరాదు. నల్లుప్పు, చిక్కని డికాక్షను టీ ఫ్లోరైడు గలవి గనుక మితముగా వాడవలెను. మఱియు కీళ్ళనొప్పులన్నియు నీటివలననే యని తలంపక, వైద్యునకు చూపుకొని కారణము తెలిసికొనవలెను.

ఆడువారు నలుగురు కూడి ఒంటి బాధలు చెప్పుకొన్నచో ఊసుపోక మాటలని మగవారు నవ్వుదురు. మనమును, “ఎవరికి లేదులే ఈ నొప్పి” అని ఒకరి మాట నొకరు త్రుంచివేయుదుము. ఒంటరిగా నున్నంతవఱకు అది ఆమె తలరాతయే. పక్కనున్న చెలి చెవియొగ్గి, నీవెక్కడ పెరిగితివి, ఏ నీరు త్రాగితివి, ఎప్పటినుండి ఈ బాధ యని అడిగినప్పుడే దానికి పేరు దొరకినది, పేరు దొరకిన పిదపనే మందు. ఇరువదియేండ్లు పమిటచెంగు చాటున దాచుకొన్న సంగతి బయటపడుటకు మాకొక్క సాయంకాలము చాలినది. ఆమె పండ్ల చారలు పోవు. కూతురి పండ్లు ఇంకను చిగురు లోపలనే ఏర్పడుచున్నవి. ఈ మెరకసీమలో బిడ్డలను పెంచు ప్రతి తల్లియు మీ బోరు నీటిని ఒక్కమారు పరీక్షకు పంపుడని నా మనవి.